గడ్డికోత బండి తిన్నగా నడవాలంటే: రెండు చక్రాల లెక్క

నాగలికి కట్టిన ఎడ్ల జతను చాలు చివర కుడివైపు తిప్పాలంటే రైతు ఏం చేస్తాడు? వలపటి ఎద్దును కాస్త నిలువరించి, దాపటి ఎద్దును అదిలిస్తాడు. నిలిచిన ఎద్దు పక్కన నడిచే ఎద్దు చుట్టు తిరుగుతుంది, జత మొత్తం కుడికి మళ్లుతుంది. ఇక్కడ స్టీరింగ్ చక్రం లేదు. రెండు వైపుల నడకలో తేడాయే స్టీరింగ్. చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషి ఎడమ చక్రాన్ని ఎక్కువగా, కుడి చక్రాన్ని తక్కువగా తోసి కుడికి తిరిగేదీ ఇలాగే.

గోల్ఫ్ మైదానాల్లో, క్రికెట్ స్టేడియాల్లో, పెద్ద విద్యాసంస్థల ప్రాంగణాల్లో మనిషి ఎక్కి కూర్చుని నడిపే గడ్డికోత యంత్రాలు కనిపిస్తాయి. అమెరికాలోనైతే మామూలు ఇళ్ల పెరళ్లలోనూ ఉంటాయి. వీటిలో ఒక రకానికి కారుకు ఉన్నట్టే స్టీరింగ్ చక్రం ఉంటుంది. రెండో రకానికి అది ఉండదు. డ్రైవరు తొడల మీదుగా ముందుకు వంగిన రెండు లివర్లు మాత్రమే ఉంటాయి. ఈ రెండో రకాన్ని జీరో-టర్న్ మోవర్ అంటారు. ఉన్నచోటే బొంగరంలా తిరగగలదు కాబట్టి ఆ పేరు.

రెండు రకాల్లోనూ కొంతకాలానికి ఒకే ఫిర్యాదు వస్తుంది: బండి తిన్నగా పోవడం లేదు, ఒక పక్కకు లాగుతోంది. దాన్ని సరిచేయడం రెంచితో చేసే పనే. అయితే ఏ నట్టు ఎంత తిప్పాలో తెలియాలంటే ముందు కాస్త జ్యామితి తెలియాలి.

స్టీరింగ్ చక్రం ఉన్న బండి

1830లో ఇంగ్లండులోని స్ట్రౌడ్ పట్టణానికి చెందిన ఎడ్విన్ బడింగ్ మొదటి గడ్డికోత యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఈ రకం బండిలో వాడే స్టీరింగు ఏర్పాటు మాత్రం దానికన్నా పాతది. గుర్రపు బగ్గీల కోసం మ్యూనిక్ నగరానికి చెందిన గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ దాన్ని రూపొందించగా, 1818లో లండన్‌లో పుస్తకాలు, చిత్రాలు ప్రచురించే రుడాల్ఫ్ ఆకర్‌మాన్ ఆయన తరఫున పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటికీ దాన్ని ఆకర్‌మాన్ స్టీరింగ్ అనే అంటున్నాం. పేటెంటు ఎవరి పేరున ఉంటే కీర్తి వారిదే అయిపోయిన సందర్భాల్లో ఇదొకటి.

ఇందులోని సంగతి చిన్నదే. బండి మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం చిన్న వలయం మీద, బయటి చక్రం పెద్ద వలయం మీద నడుస్తాయి. కాబట్టి ముందు చక్రాలు రెండూ ఒకే కోణంలో తిరగకూడదు. ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం 1.2 మీటర్లు, చక్రాల మధ్య వెడల్పు 0.8 మీటర్లు ఉన్న బండి 2 మీటర్ల వ్యాసార్థంతో తిరుగుతోందనుకోండి. లోపలి చక్రం సుమారు 37 డిగ్రీలు, బయటిది 27 డిగ్రీలు తిరగాలి. ఈ పది డిగ్రీల తేడా రాకపోతే ఏదో ఒక టైరు దొర్లడం మాని పక్కకు ఈడ్చుకుపోతుంది. గడ్డి చిరుగుతుంది, టైరు అరుగుతుంది.

ఈ కోణాలను స్టీరింగ్ లింకుల పొడవులే నిర్ణయిస్తాయి. అందుకే ఈ రకం బండిలో సర్దుబాటు అంటే ప్రధానంగా టై-రాడ్ పొడవును మార్చడం. బండిని సమతలం మీద నిలిపి, చక్రాలను తిన్నగా పెట్టి, ఇరుసు ఎత్తులో ముందు టైర్ల ముందు అంచుల మధ్య దూరం కొలవాలి. అదే ఎత్తులో వెనుక అంచుల మధ్య దూరమూ కొలవాలి. సాధారణంగా ముందు కొలత కొద్ది మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. దీన్నే మెకానిక్‌లు టో-ఇన్ అంటారు. కచ్చితమైన అంకె ఆ మోడల్ మాన్యువల్లో ఉంటుంది.

స్టీరింగులో ప్లే ఎక్కువైందని, అంటే తిప్పినా కాసేపు చక్రాలు కదలడం లేదని తోస్తే వెంటనే నట్లు బిగించకూడదు. ఇంజిను ఆపి, ఒకరు స్టీరింగును అటూ ఇటూ కొంచెం కదుపుతుంటే మరొకరు కింద చూడాలి. స్టీరింగ్ కాండం చివరి పళ్లచక్రం దగ్గర మొదలుపెట్టి లింకు, బాల్ జాయింట్, చక్రపు ఇరుసు వరకు వరుసగా గమనిస్తే కదలిక ఎక్కడ మాయమవుతోందో తెలుస్తుంది. పళ్ల మధ్య ఖాళీ పెరిగి ఉంటే చాలా మోడళ్లలో దగ్గరకు జరిపే వీలుంటుంది. అరిగిన బాల్ జాయింటును మాత్రం ఎంత బిగించినా లాభం లేదు, మార్చాల్సిందే.

లివర్ల బండి: స్టీరింగు ఎక్కడుంది?

అసలు ఆసక్తికరమైనది జీరో-టర్న్ బండి. 1950లలో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో మాక్స్ స్విషర్, 1960లలో కాన్సాస్ రాష్ట్రంలో జాన్ రెజియర్ ఈ తరహా యంత్రాలను తయారుచేశారు. దీని ముందు చక్రాలు ఆఫీసు కుర్చీ చక్రాల్లాంటివి. ఎటు తోస్తే అటు తిరుగుతాయి. వాటికి బండి దిశతో పెత్తనమేమీ లేదు, బరువు మోయడమే వాటి పని. పెత్తనమంతా వెనుక చక్రాలది.

వెనుక ఒక్కో చక్రానికి ఒక్కో హైడ్రాలిక్ పంపు, ఒక్కో హైడ్రాలిక్ మోటారు ఉంటాయి. ఇంజిను రెండు పంపులను బెల్టుతో ఒకే వేగంతో తిప్పుతుంది. పంపు లోపల చిన్న పిస్టన్లు ఒక పళ్లెం మీద జారుతూ తిరుగుతాయి. పళ్లెం నిటారుగా ఉంటే పిస్టన్లు తిరుగుతాయి గానీ ముందుకూ వెనక్కూ కదలవు. నూనె పారదు, చక్రం కదలదు. పళ్లెం వాలితే పిస్టన్లు ఆడడం మొదలుపెడతాయి, నూనె మోటారుకు పారుతుంది. వాలు ఎక్కువైతే ప్రవాహం ఎక్కువ, చక్రం వేగం ఎక్కువ. ఇంకో పక్కకు వాల్చితే చక్రం వెనక్కి తిరుగుతుంది. దీన్ని స్వాష్ ప్లేట్ అంటారు. డ్రైవరు చేతిలోని లివరు ఒక కడ్డీ ద్వారా ఈ పళ్లేన్నే వాలుస్తుంది.

అంటే గేరు, యాక్సిలరేటరు, బ్రేకు, స్టీరింగు అన్నీ ఆ రెండు లివర్లే. రెండూ సమానంగా తోస్తే బండి ముందుకు పోతుంది. ఒకటి ముందుకు, ఒకటి అంతే వెనక్కి నెడితే ఇరుసు మధ్య బిందువు చుట్టూ తిరుగుతుంది. ఒకదాన్ని పూర్తిగా ఆపి రెండోదాన్ని తోస్తే ఆగిన చక్రం మీదే తిరుగుతుంది. నాగలి జత తిరిగే తీరు ఇదే. ఇలా చేస్తే ఆగిన టైరు కింద గడ్డి వేళ్లతో సహా లేచిపోతుంది. అందుకే అనుభవమున్న డ్రైవర్లు మలుపులో రెండు చక్రాలనూ కొద్దిగానైనా కదలనిస్తారు.

ఒక్క శాతం తేడా వస్తే

ఇప్పుడు లెక్క. రెండు చక్రాల వేగాలు వేరైతే బండి ఒక వలయం మీద నడుస్తుంది. ఆ వలయపు వ్యాసార్థం తెలుసుకోవాలంటే చక్రాల మధ్య వెడల్పును సగటు వేగంతో గుణించి, వేగాల తేడాతో భాగించాలి. వెడల్పు 1 మీటరు, తేడా ఒక్క శాతం అనుకుంటే వ్యాసార్థం 100 మీటర్లు. వంద మీటర్ల వలయమంటే దాదాపు తిన్నని గీతే కదా అనిపిస్తుంది.

కానీ తిన్నని గీత నుంచి పక్కకు జరిగే దూరం ఎంతో చూడండి. నడిచిన దూరపు వర్గాన్ని వ్యాసార్థానికి రెట్టింపుతో భాగిస్తే అది వస్తుంది. 15 మీటర్లు నడిస్తే 1.1 మీటరు. 30 మీటర్లు నడిస్తే 4.5 మీటర్లు! దూరం రెట్టింపైతే తప్పిన దూరం నాలుగింతలు. డ్రైవరు దీన్ని గమనించకపోవచ్చు కూడా. ఎందుకంటే అతని చెయ్యి తెలియకుండానే ఒక లివరును కాస్త వెనక్కి పట్టి సరిచేస్తూ ఉంటుంది. సాయంత్రానికి ఒక భుజం మాత్రమే నొప్పి పెడుతోందంటే దాని కారణం ఈ ఒక్క శాతమే కావచ్చు.

ఈ సూత్రాన్ని తిరగేస్తే ఇంకా ఉపయోగం. 15 మీటర్లలో బండి అర మీటరు పక్కకు పోయిందనుకోండి. అప్పుడు రెండు చక్రాల వేగాల్లో తేడా సుమారు 0.44 శాతం. చక్రాల వేగం కొలిచే పరికరం ఏదీ లేకుండా, ఒక టేపు, ఒక సుద్దముక్కతో అర శాతం కన్నా చిన్న తేడాను పట్టుకున్నామన్నమాట.

నట్టు ముట్టుకోకముందు

బండి ఎడమకు లాగితే ఎడమ చక్రం నెమ్మదిగా ఉందని అర్థం. అది పంపు తప్పేనని ఖాయం చేసుకోకూడదు. చక్రం ప్రతి చుట్టులో ఎంత దూరం పోతుందన్నది దాని వ్యాసార్థాన్ని బట్టి ఉంటుంది. టైరు దొర్లే వ్యాసార్థం 25 సెంటీమీటర్లైతే, గాలి తగ్గి అది రెండున్నర మిల్లీమీటర్లు కుంగినా సరిగ్గా ఒక్క శాతం తేడా వచ్చేసినట్టే. ఈ బండ్ల టైర్లలో గాలి కారు టైర్లలో కన్నా చాలా తక్కువ ఉంటుంది కాబట్టి చిన్న తరుగు కూడా పెద్ద నిష్పత్తి అవుతుంది. మొదటి పని రెండు వెనుక టైర్లలో మాన్యువల్ చెప్పినంత గాలి, సమానంగా, ఉందో లేదో చూడడం. కార్ల షాపులోని గేజి చిన్న పీడనాల దగ్గర తప్పు చూపే అవకాశముంది. తక్కువ పీడనాల కోసం చేసిన గేజి వాడాలి. ఒక టైరు కొత్తది, ఇంకొకటి అరిగినది అయినా ఇదే చిక్కు.

రెండో అనుమానితుడు బైపాస్ వాల్వు. ఇంజిను ఆగిన బండిని చేత్తో తోయడానికి వీలుగా నూనెను దారి మళ్లించే చిన్న ఏర్పాటు ఇది. ఎవరో బండిని తోసి, ఒక వైపు వాల్వును పూర్తిగా మూయకుండా వదిలేస్తే ఆ చక్రం నీరసంగా తిరుగుతుంది. ఇటీవల నూనె మార్చి ఉంటే గొట్టాల్లో గాలి చిక్కి కూడా ఇలా జరుగుతుంది. మాన్యువల్ చెప్పిన పద్ధతిలో లివర్లను నెమ్మదిగా ముందుకూ వెనక్కూ పలుమార్లు ఆడించి ఆ గాలిని బయటికి పంపాలి.

ఇవన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు నడిపి చూడాలి. కాంక్రీటు లాంటి గట్టి, సమతలమైన నేల మీద, బ్లేడ్లు ఆపి, బండిని ముందుగా కాసేపు నడిపి నూనెను వేడెక్కనివ్వాలి. వేడెక్కిన నూనె పలచబడి పంపులోని సందుల గుండా ఎక్కువగా కారుతుంది. రెండు పంపులు ఒకేలా అరగవు కాబట్టి చల్లగా ఉన్నప్పటి సమానత వేడిలో నిలవదు. రోజంతా బండి పనిచేసేది వేడి నూనెతోనే. సర్దుబాటూ ఆ స్థితిలోనే చేయాలి.

నేల మీద సుద్దగీత గీసి, లివర్లు రెండూ ఆగేదాకా తోసి, చేత్తో దిద్దకుండా 15 మీటర్లు నడపాలి. ఎంత పక్కకు పోయిందో కొలవాలి. తరువాత బండిని తిప్పి అదే గీత మీద వెనక్కి రావాలి. ఈ రెండో నడక చాలామంది వదిలేసేది, అన్నిటికన్నా ముఖ్యమైనది. తూర్పుకు వెళ్తూ ఎడమకు, అంటే ఉత్తరానికి లాగిన బండి, పడమరకు వస్తూ కూడా తన ఎడమకే, అంటే దక్షిణానికి లాగితే తప్పు బండిది. రెండుసార్లూ ఉత్తరానికే జరిగితే తప్పు నేలది. కంటికి కనిపించని వాలు ఉంది. ప్రయోగశాలలో శాస్త్రవేత్తలు యంత్రం లోపాన్నీ పరిసరాల ప్రభావాన్నీ వేరు చేసే పద్ధతి కూడా సారాంశంలో ఇదే.

తప్పు బండిదేనని తేలాక చేయాల్సింది చిన్న పని. చాలా మోడళ్లలో లివరు ముందుకు ఎంత దూరం పోవాలో ఆపే స్క్రూ ఒకటి ఒక్కో వైపు ఉంటుంది. నెమ్మదిగా ఉన్న చక్రాన్ని వేగవంతం చేయాలని చూడకూడదు. దాని పంపు ఇప్పటికే చివరిదాకా వాలి ఉండవచ్చు. వేగంగా ఉన్న వైపు స్క్రూను కొంచెం తిప్పి ఆ లివరు ప్రయాణాన్ని తగ్గించాలి. ఇంజిను ఆపి, తాళం తీసి ఈ పని చేసి, లాక్‌నట్టు బిగించి, మళ్లీ నడిపి కొలవాలి.

న్యూట్రల్: అసలు ప్రమాదం ఇక్కడ

తిన్నగా పోకపోవడం చికాకు మాత్రమే. లివర్లు న్యూట్రల్లో ఉన్నా చక్రం మెల్లగా పాకడం ప్రమాదం. డ్రైవరు దిగి ముందున్న రాయి తీయబోతే బండి మీదికి వస్తుంది. అమెరికా భద్రతా ప్రమాణం ఈ యంత్రాల బ్లేడు కొన వేగాన్ని నిమిషానికి 19,000 అడుగులకు పరిమితం చేసింది. ఆ పరిమితి అంటేనే గంటకు సుమారు 347 కిలోమీటర్లు. సీటు మీంచి లేస్తే ఇంజినును ఆపే స్విచ్చు ఇందుకే ఉంటుంది. పదేపదే బండి ఆగుతోందని దాన్ని వైరుతో కలిపి పనిచేయకుండా చేసే వాళ్లున్నారు. అంతకన్నా తెలివితక్కువ పని మరొకటి ఉండదు.

పాకడానికి కారణం కడ్డీ పొడవు తప్పడం వల్ల పళ్లెం పూర్తిగా నిటారుకు రాకపోవడం. ఎంత చిన్న తప్పు ఎంత చేస్తుందో మరో లెక్క. కడ్డీకి రెండు చివర్లా వ్యతిరేక దిశల మరలు, మర అంతరం 1.25 మిల్లీమీటర్లు అనుకుందాం. ఇలాంటి కడ్డీని ఒక చుట్టు తిప్పితే పొడవు 2.5 మిల్లీమీటర్లు మారుతుంది, పావు చుట్టుకు 0.6 మిల్లీమీటర్లు. అది పంపు మీద 50 మిల్లీమీటర్ల చేతిని కదిపితే పళ్లెం 0.7 డిగ్రీలు వాలుతుంది. పూర్తి వాలు 15 డిగ్రీలైతే ఇది దాదాపు ఇరవయ్యో వంతు. గంటకు 13 కిలోమీటర్లు పోయే బండి పావు చుట్టు తప్పుకే సెకనుకు 17 సెంటీమీటర్ల చొప్పున పాకగలదు! నిజమైన పంపుల్లో న్యూట్రల్ దగ్గర కొంత మొద్దుతనం ఉండి ఇంత దారుణంగా ఉండదు గానీ, పావు చుట్టు కూడా ఒక్కోసారి ఎక్కువే అని మెకానిక్‌లు ఎందుకంటారో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ సర్దుబాటును చాలా మాన్యువళ్లు వెనుక చక్రాలను నేల నుంచి లేపి, ఇంజిను నడుస్తుండగా చేయమంటాయి. లివరు న్యూట్రల్లో ఉన్నప్పుడు చక్రం ముందుకో వెనక్కో తిరుగుతుంటే, అది నిలిచేదాకా కడ్డీని కొద్దికొద్దిగా తిప్పాలి. తిరిగే బెల్టు, తిరిగే చక్రం మధ్య చెయ్యి పెట్టే పని ఇది. జాకీ మీద మాత్రమే నిలిపి చేయకూడదు. కింద గట్టి స్టాండ్లు, ముందు చక్రాలకు అడ్డు దిమ్మెలు ఉండాలి, వేలాడే దుస్తులు ఉండకూడదు. శిక్షణ లేనివారు టైరు గాలి, స్టాప్ స్క్రూ దగ్గర ఆగి, దీన్ని మెకానిక్‌కు వదిలేయడమే మంచిది. వరుస కూడా గుర్తుంచుకోవాలి. ముందు న్యూట్రల్, తరువాతే తిన్నని నడక. కడ్డీ పొడవు మారితే లివరు మొత్తం ప్రయాణం మారుతుంది. ముందు స్క్రూలు సరిచేసి, తరువాత కడ్డీ తిప్పితే మొదటి శ్రమ వృథా.

వాలు మీద లివర్ల మాట చెల్లనప్పుడు

ఎంత బాగా సర్దినా ఈ బండికి ఒక బలహీనత పుట్టుకతోనే ఉంది. నడక, బ్రేకు, స్టీరింగు మూడూ ఆ రెండు వెనుక టైర్ల పట్టు మీదే ఆధారపడ్డాయి. పల్లం దిగేటప్పుడు బరువు ముందుకు, అంటే పెత్తనం లేని ఆ చిన్న చక్రాల మీదికి మళ్లుతుంది. వెనుక టైర్లు తేలికవుతాయి. తడి గడ్డి మీద అవి జారితే బ్రేకుతో పాటు స్టీరింగు కూడా అదే క్షణంలో పోతుంది. కారులో బ్రేకు జారినా ముందు చక్రాలను తిప్పే అవకాశం కొంతైనా మిగులుతుంది. ఇక్కడ అదీ ఉండదు. వాలుకు అడ్డంగా పోతే స్వేచ్ఛగా తిరిగే ముందు చక్రాలు పల్లం వైపే మొగ్గుతాయి. పై వైపు లివరును ఎక్కువ తోసి ముక్కును పైకి తిప్పుదామంటే కుదరదు, అలా చేస్తే అది ఇంకా కిందికే తిరుగుతుంది. కింది చక్రాన్ని వేగంగా తిప్పాలి. కంగారులో చేతులకు ఈ సంగతి గుర్తుండదు.

మన పొలాల్లో పవర్ టిల్లరు నడిపేవారికి ఇలాంటి చిక్కు కొత్తది కాదు. టిల్లరుకు రెండు పిడుల దగ్గర రెండు స్టీరింగ్ క్లచ్‌లు ఉంటాయి. సమతలం మీద ఎడమ క్లచ్ నొక్కితే ఎడమ చక్రానికి శక్తి ఆగి బండి ఎడమకు తిరుగుతుంది. నిటారైన గట్టు దిగేటప్పుడు ఇంజినే బండిని పట్టి ఆపుతుంటుంది. అప్పుడు ఎడమ క్లచ్ నొక్కితే ఆ చక్రానికి ఉన్న అడ్డు తొలగి అది స్వేచ్ఛగా ముందుకు దొర్లుతుంది, బండి కుడికి తిరుగుతుంది. వలపటి ఎద్దును నిలపబోతే అదే పరుగెత్తినట్టు!

చాలా గడ్డికోత బండ్ల మాన్యువళ్లు 15 డిగ్రీలకు మించిన వాలు మీదికి పోవద్దంటాయి. కొన్ని ఇంకా తక్కువ అంకె చెబుతాయి. 15 డిగ్రీలంటే నాలుగు మీటర్లు నడిస్తే సుమారు ఒక మీటరు ఎత్తు పెరగడం. నేల మీద పొడవైన పలక పరిచి మొబైలు ఫోనులోని వాలు కొలిచే సౌకర్యంతో దీన్ని చూసుకోవచ్చు. చెరువు గట్లు, కాలువ అంచులు, గోడల పక్కన అంచు నుంచి దూరంగా ఉండాలి. వెనుక బోల్తా రక్షణ కడ్డీ ఉన్న బండిలో అది నిలబెట్టి ఉన్నప్పుడు సీటు బెల్టు తప్పనిసరిగా పెట్టుకోవాలి. చెట్ల కొమ్మల కింద పోవడానికి ఆ కడ్డీని మడిచినప్పుడు మాత్రం బెల్టు తీసేయాలి. రక్షణ లేనప్పుడు బెల్టు మనిషిని బోల్తా పడే బండికే కట్టి ఉంచుతుంది.